నేను చూసొచ్చానని చెప్పిన జూ

మా బంధువుల్లో కలకత్తా చూడనివాళ్లు లేరు. పలాస, సోంపేట, టెక్కలి, ఇచ్ఛాపురం, ఆ చుట్టుపక్కల మాకు వరస కలిసే ఏ ఇంటికి వెళ్లినా హౌరా బ్రిడ్జి గురించి చెప్పేవాళ్లు ఒకరైనా ఉంటారు. వాళ్లందరికీ కలకత్తా చూపించింది మా ఆయన. వాళ్లందరికీ వండి పెట్టింది నేను. ఈ రెండింటిలో ఏది గొప్ప పనో నన్ను అడక్కండి. అడిగితే నా నోరు మంచిది కాదు.

మా ఆయన లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టర్సులో మాకు రెండు గదులు, ఒక వరండా, వరండా చివర వంటిల్లు. నేను పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఎర్రజెండా ప్రభుత్వం ఇంకా కొత్త. తర్వాత నా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఎదురుగోడ మీద సుత్తీ కొడవలీ బొమ్మకి ఎన్నికలొచ్చినప్పుడల్లా కొత్త రంగు పడింది, ప్రభుత్వం మారలేదు, నా వంటిల్లూ మారలేదు.

ఆ రోజుల్లో మావాళ్లకి హోటల్లో దిగడమంటే ఏమిటో తెలీదు. ఊళ్లో మనవాడుండగా హోటలెందుకు? మెయిల్లో తెల్లారేసరికి హౌరాలో దిగి, లోకల్ బండి పట్టుకుని, చేతిలో ఒక జీడిపప్పు పొట్లంతో చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడేవారు. కొందరు వైద్యానికి, కొందరు ఉద్యోగం వెతుక్కోవడానికి, కొందరు ఊరికే. ఎందుకొచ్చినా ఆదివారం రాగానే మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లని వెంటేసుకుని బయల్దేరేవాడు. పొద్దున కాళీఘాట్, తర్వాత జూ, ఎండ చల్లబడ్డాక విక్టోరియా మెమోరియల్, చివర లాంచీలో గంగ దాటి హౌరా. నేల కింద నడిచే పాతాళ రైలు మొదలయ్యాక అదీ ఈ వరసలో చేరింది. ఆయన ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. వర్క్‌షాపులో పైవాళ్ల చేత మాటలు పడే మనిషి, ఆ ఆదివారాల్లో మాత్రం పదిమందికి దారి చూపించే పెద్దమనిషి.

నేను కాళీఘాట్ చూశాను, దేవుడి పని కాబట్టి. హౌరా స్టేషన్ చూశాను, దిగింది అక్కడే కాబట్టి. జూ మాత్రం చూడలేదు. మా కుళాయికి నీళ్లు మధ్యాహ్నం వచ్చేవి. ఎవరో ఒకరు ఇంట్లో ఉండి పట్టుకోకపోతే అంతమందికి సాయంత్రం స్నానాలకి నీళ్లుండవు. జూకి వెళ్లేవాళ్లకి పులిహోర కట్టివ్వాలి, తిరిగొచ్చేసరికి వేడివేడిగా అన్నం, కూర, చారు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. నువ్వు రావద్దు అని ఎవరూ అనలేదు, అది నిజం. రమ్మనీ ఎవరూ అనలేదు.

ఒక్కసారి మాత్రం బయల్దేరాను. సోంపేట పిన్ని నా చేయి పట్టుకుని లాక్కుపోయింది. పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని లిలువా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. హౌరా నుంచి వచ్చిన లోకల్ ఎదురు ప్లాట్‌ఫారం మీద ఆగింది. అందులోంచి మా ఆయన మేనమామ రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని భార్యతో, కోడలితో దిగాడు. నన్ను చూసి, "ఏటే అమ్మాయ్, మాకు ఎదురొచ్చినావా?" అని సంబరపడిపోయాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఇంకేం చేస్తాను, పట్టుచీరతోనే వెనక్కి తిరిగి వాళ్లని ఇంటికి తీసుకొచ్చి పొయ్యి రాజేశాను. ఆ చీర అంచుకి అంటిన మసి ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

మా పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ దుర్గాపూజ సెలవులు రాగానే పరుపు చుట్టుకుని, ఫ్లాస్కు భుజాన వేసుకుని, మొగుడితో పురీకో డార్జిలింగ్‌కో వెళ్లిపోయేది. మాకూ రైల్వే పాసు ఉంది. ఆ పాసు మీద ఏడాదికొకసారి అత్తవారి ఊరు వెళ్లి, అక్కడా వంటే చేసి వచ్చేదాన్ని. ఆవిడ డార్జిలింగ్‌ నుంచి తెచ్చిన టీపొడి చారెడు నాకూ పెట్టేది. ఆ టీ తాగుతుంటే నా కడుపు మండిపోయేది.

అయితే జూ నాకు తెలీదని మాత్రం అనుకోకండి. సాయంత్రం వాళ్లందరూ వచ్చి వరసగా కూర్చుంటే, వడ్డిస్తూ ఒక్కొక్కరినీ అడిగేదాన్ని. ఏం చూశారు, అది ఎలా నిలబడింది, ఏం తింది, అరిచిందా? టెక్కలి మామయ్య వ్యవసాయదారుడు. ఆయన సగం రోజు నీటిగుర్రం దగ్గరే కూర్చున్నాడట. "కొమ్ముల్నేని గేదె అది. దున్నదు, పాలివ్వదు. గవర్నమెంటోళ్లు దాన్ని ఎందుకు మేపుతన్నారో నాకు తెలీదు" అన్నాడు. సోంపేట పిన్ని జిరాఫీని చూసి, "ఆ మెడకి పుస్తెలతాడు సేయించాలంటే మొగుడు పొలం అమ్ముకోవాల" అంది. ఇంకో ముసలాయన ముత్తాతల కాలం నుంచి బతికున్న పెద్ద తాబేలుకి దండం పెట్టి వచ్చాడు. రైల్వేలో టిక్కెట్లు చూసే ఒక బంధువుకి, చలికాలం ఉత్తరదేశాల నుంచి వచ్చి అక్కడి చెరువులో వాలే పక్షులు నచ్చాయి. అంతదూరం టిక్కెట్టు లేకుండా వచ్చాయని ఆయన ముచ్చట. ఆ పక్షుల మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి నాకంటే ముందు చూసేశాయి.

కొందరు జంతువులకంటే బెంగాలీలనే ఎక్కువ చూసి వచ్చేవారు. చిటికెడు చలికే కోతిటోపీలు పెట్టుకుంటారని, గడ్డి మీద దుప్పటి పరిచి కమలాలు, ఉడకబెట్టిన గుడ్లు తింటారని, పులి బోను ముందు నిలబడి చేపల ధర గురించి మాట్లాడుకుంటారని చెప్పేవారు. అన్నీ విన్నాను. ఏ బోను పక్కన ఏ బోనో, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ వాసనకి ముక్కు మూసుకోవాలో నాకు కంఠతా వచ్చేసింది. కొత్తగా వెళ్లేవాళ్లకి పొద్దున్నే నేనే చెప్పి పంపేదాన్ని, తిన్నగా పులి దగ్గరికి పోకండి, ముందు చెరువు చూడండి అని. వాళ్లు తిరిగొచ్చి, నువ్వు చెప్పినట్టే ఉంది అనేవారు. ఆ మాటకి పొంగిపోయి మరో గరిటె కూర వేసేదాన్ని, వాళ్లు చేతులు కడుక్కుంటుంటే వాళ్ల వీపులు చూసి ఏడ్చేదాన్ని. కళ్లలో నిప్పులు పోసుకోవడమంటే అదే.

అలాంటి నా ఇంటికి ఒక డిసెంబరులో మా ఆడపడుచు వచ్చింది. మా ఆయనకి ఆఖరి చెల్లెలు. చదువుకుంది, విశాఖపట్నంలో ఉంటుంది, మొగుడు సరుకుల ఓడలో ఇంజనీరు. ఏడాదిలో కొన్ని నెలలు ఆమె కూడా ఆ ఓడలోనే తిరుగుతుంది. ఆ నెల వాళ్ల ఓడ కలకత్తాలోనే, ఖిదిర్‌పూర్ రేవులో ఆగింది. సరుకు ఎక్కించేలోపల అన్నయ్య దగ్గర నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చింది. నల్లకళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని, పొట్టిగా కత్తిరించిన జుట్టుతో రిక్షా దిగుతుంటే క్వార్టర్సు ఆడవాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. నేను నూనె చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఎదురెళ్లాను. మంచి పిల్ల, అది ఒప్పుకోవాలి. నన్ను కావలించుకుని, "సిక్కిపోయినావు వదినా" అంది. మంచిది కాకపోయుంటే బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని.

ఆ సాయంత్రం పెట్టెలోంచి ఫొటోలు బయటికి తీసింది. దక్షిణాఫ్రికాలో సముద్రం ఒడ్డున పెంగ్విన్లట. "అవి మనుషుల్లాగే వీధి దాటుతాయి వదినా. కార్లు ఆపి మరీ వాటికి దారిస్తారు" అంది. జపానులో ఒక ఊళ్లో జింకలు రోడ్ల మీదే తిరుగుతాయట, మనిషి ముందు తల వంచి దండం పెట్టి మరీ బిస్కట్టు అడుగుతాయట. ఆస్ట్రేలియాలో గంతులేసే కంగారూ సంచిలోంచి పిల్ల తల బయటపెట్టి చూసిందట. ఈజిప్టు కాలువలో ఓడ వెళ్తుంటే రెండు వైపులా ఇసుకలో ఒంటెలు నడుస్తాయట. నా కూతురు, కొడుకు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు, చెల్లెలు ప్రపంచమంతా చూసొచ్చిందని ఛాతీ అంత వెడల్పు చేసుకుని కూర్చున్నాడు. ప్రతి ఫొటోలోనూ జంతువుకి అడ్డంగా ఆమే నిలబడి ఉంది. జింక కన్నా నువ్వే ఎక్కువ కనిపిస్తున్నావు అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. నాకు ఆ రోజు పుట్టినంత అసూయ అంతకు ముందెప్పుడూ పుట్టలేదు. డార్జిలింగ్ వెళ్లే పక్కింటావిడ మీద పుట్టింది దీని ముందు అసూయే కాదు.

అప్పుడు ఆమె ఫొటోలు కవరులో పెడుతూ, "ఇక్కడి జూ బాగుంటాదంట కదా. నువ్వు సూసే ఉంటావు, ఎలాగుంటాది వదినా?" అంది.

చూడలేదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇరవై ఏళ్లుగా కలకత్తాలో ఉండి జూ చూడలేదంటే, పెంగ్విన్లు చూసొచ్చిన మనిషి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? "సూడకుండా ఉంటానేటి అమ్మీ? పోయిన సలికాలం కూడా ఎల్లినాం" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. చెరువు, పక్షులు, తాబేలు, నీటిగుర్రం, జిరాఫీ నల్లటి నాలుక అన్నీ చెప్పాను. వాటికి ఆమె తలూపుతోంది గానీ కళ్లు పెద్దవి కావడం లేదు. ఇవి ఏ దేశంలోనైనా ఉండేవేనని నాకే అనిపించింది. అందుకని నా దగ్గరున్న పెద్ద సరుకు బయటికి తీశాను. "పెంగ్విన్లూ కంగారూలూ సరే. సగం పులి, సగం సింహం అయినదాన్ని ఏ దేశంలోనైనా సూసినావా?" అన్నాను.

ఆమె చూడలేదు. నేను చెప్పాను. ఒళ్లు సింహానిది, దాని మీద వెలిసిపోయిన చారలు పులివి, మొహం మాత్రం పుట్టిన కొత్తలో రెండు వైపులవాళ్లూ మా పోలికే అని కొట్టుకునే పసిబిడ్డ మొహంలా ఎటూ తేలదు. నన్ను చూసి ఆవులించింది అన్నాను. ఆవులింత టెక్కలి మామయ్యది, అంటే ఆ జంతువు ఆవులించింది ఆయన్ని చూసి. ఆడపడుచు కళ్లు పెద్దవి చేసుకుని వింది. ఆ కాస్సేపు ప్రపంచం తిరిగొచ్చింది నేను, లిలువాలో కూర్చుని వినేది ఆమె.

"అయితే రేపు ఎల్దాం. నువ్వు కూడా రా వదినా, నువ్వే సూపించు" అంది.

రేపు ఆదివారం. నిజంగా వెళ్లొచ్చు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "దానికి కొత్తేటి? ఎన్నిసార్లు సూసినాదో లెక్క నేదు. అది ఇంటికాడుండి కోడికూర వండుతాది, మనం ఎల్లొద్దాం."

ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు. నేను అబద్ధం చెప్పానన్న అనుమానం కూడా ఆయనకి లేదు. నేను కూడా వెళ్లే ఉంటానని, అన్నిసార్లూ ఆయన పక్కనే నడిచే ఉంటానని ఆ మనిషి నిజంగానే అనుకుంటున్నాడు. నేను చూడలేదని ఇప్పుడెలా చెప్పను? పోయిన చలికాలం కూడా వెళ్లానని ఇప్పుడే గొప్పలు పోయాను కదా. లేచి వంటింట్లోకి వెళ్లి, రేపటి కోడికూరకి మసాలా నూరాను. ఆ రోజు నూరినంత మెత్తగా మసాలా ఎప్పుడూ నూరలేదు.

మర్నాడు వాళ్లు నలుగురూ వెళ్లారు. నేను నీళ్లు పట్టాను, కోడికూర వండాను. వరండాలో కూర్చుని లోకల్ బండ్ల చప్పుడు వింటూ, ఈపాటికి చెరువు దగ్గరికి వచ్చుంటారు, ఈపాటికి పులి దగ్గర ఉంటారు అని మనసులో వాళ్ల వెనకే తిరిగాను. ఆమె కాలికి ముల్లు గుచ్చుకోవాలని కోరుకున్నాను. వాన పడాలని కోరుకున్నాను. డిసెంబరులో కలకత్తాలో వానెందుకు పడుతుంది?

సాయంత్రం వచ్చారు. కాళ్లు కడుక్కుని వరసగా కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. ఈసారి నేను ఏమీ అడగలేదు. ఆడపడుచే మొదలుపెట్టింది. ఆమె గొంతులో తప్పు పట్టే ఉద్దేశం లేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"వదినా, నువ్వు సెప్పిన సగం పులి సగం సింహం కోసం అంతా తిరిగేం. కనపడనేదు. కాపలా ఉండే అతన్ని అడిగితే, అది సచ్చిపోయి సానా ఏళ్లైపోనాది, ఇప్పుడు ఆ రకమే నేదు అన్నాడు. నువ్వు పోయిన సలికాలం సూసినానన్నావు కదా?"

గరిటె నా చేతిలోనే ఉంది. టెక్కలి మామయ్య వచ్చింది నా కూతురు ఉయ్యాల్లో ఉన్నప్పుడు. ఆయన చూసిన జంతువుని ఇన్నేళ్లూ నేను బతికించి ఉంచాను. అది చచ్చిపోయిందని నాకు చెప్పేవాళ్లెవరు? తర్వాత వచ్చినవాళ్లు లేనిదాని గురించి ఎందుకు చెప్తారు?

మా అమ్మాయి అప్పటికి పెద్దదే. బడిలో బెంగాలీ, ఇంట్లో తెలుగు, రెండూ కలిపి మాట్లాడుతుంది. అన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండా, "మా తో కొఖొనో జాయ్‌నీ అత్తా, అమ్మ ఎప్పుడూ మాతో రానేదు" అంది. అంత చిన్న సంగతి అందరికీ తెలిసే ఉంటుందన్నట్టు అంది.

మా ఆయన నోటి దగ్గర ముద్ద ఆగింది. "రానేదేటి?" అన్నాడు నాతో. "మా పెదనాన్న వచ్చినప్పుడు?"

"అప్పుడు నాను బాలింతని."

"మా అత్త వచ్చినప్పుడో?"

"నీళ్లు పట్టినాను."

"సోంపేట పిన్ని వచ్చినప్పుడు రైలెక్కినావు కదా."

"ఎక్కనేదు. మీ మేనమామ దిగినాడు."

ఆయన ఇంకో పేరు కోసం వెతుక్కున్నాడు. ఆయన మొహంలో వరసగా ఆదివారాలన్నీ వచ్చి పోతున్నాయి, ఒక్క దాంట్లోనూ నేను లేను. ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. నాకు సిగ్గేసింది, సిగ్గుకన్నా ఎక్కువ కోపం వచ్చింది, కోడికూర చల్లారిపోతోందని అందరినీ కసిరాను.

ఆడపడుచు గిన్నెలు తీస్తూ, "రేపు నువ్వు, అన్నయ్య ఎల్లండి వదినా. వంట నాను సేస్తాను, నీళ్లు కూడా పట్టేస్తాను" అంది. చూశారా, నా జూని కూడా ఆమే నాకు దానం చేస్తోంది. ఆ క్షణంలో ఆమెని క్షమించగలిగేదాన్ని కాదు. వెళ్లనని చెప్పడానికి మాట నాలుక చివర దాకా వచ్చింది. అయినా వెళ్లాను. అభిమానం చంపుకుని కాదు, అంతకన్నా పెద్ద ఆశ ఉంది కాబట్టి వెళ్లాను. ఎవరికోసమూ సెలవు పెట్టని మా ఆయన ఆ సోమవారం వర్క్‌షాపుకి సెలవు పెట్టాడు.

గేటు దాటగానే ఆయన నడక మారింది. ఒక అడుగు ముందు నడుస్తూ, చెయ్యి చాపి, బంధువులకి చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు. "ఇదిగో, ఇది సెరువు. ఆ పిట్టలున్నాయి సూడు, అవి ఎక్కడి నుంచి వచ్చినాయంటే..." ఆయన తప్పు లేదు. ఆయనకి తెలిసిన ప్రేమ అదే, చూపించడం. కానీ ఆయన నోటి వెంట మాట వస్తుంటే నా కళ్ల ముందు పిట్టలు పోయి, టిక్కెట్లు చూసే ఆ బంధువు మాటలే వినిపించాయి. ఇన్నేళ్లూ నేను విన్నవన్నీ మళ్లీ వచ్చి నాకూ చెరువుకీ మధ్య నిలబడ్డాయి.

"మీరు మాట్లాడకండి. నన్ను సూడనీండి" అన్నాను.

ఆయన చెయ్యి దించేశాడు. నా చేతిలో సంచీ తీసుకుని, ఆ రోజంతా నా వెనకే నడిచాడు. నేను ఎక్కడ ఆగితే అక్కడ ఆగాడు. ఒకచోట నేను చాలాసేపు నిలబడిపోయాను. పక్కన కమలాలు తింటున్న బెంగాలీ కుటుంబం లేచి వెళ్లిపోయింది, ఇంకో కుటుంబం వచ్చి దుప్పటి పరిచింది. నేను అక్కడే ఉన్నాను. ఇంక పోదామా అని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని ఉంది. ముక్కు మీద మసి, కత్తిరించిన జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. అన్నం మెత్తగా ఉడికిపోయింది, చారులో ఉప్పు ఎక్కువైంది. బిందెలన్నీ నిండుగా ఉన్నాయి. నన్ను పీట మీద కూర్చోబెట్టి, పళ్లెంలో అన్నం వడ్డించి, ఎదురుగా చతికిలబడింది. పొద్దుటి నుంచి ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టు నా మొహంలోకి చూస్తోంది. ఏ దేశమూ మిగల్లేదనుకున్న ఆ మనిషి కళ్లలో ఆకలి కనిపించింది.

"ఏటి సూసినావు వదినా? ఏది నచ్చినాది? సెప్పు."

అన్నం కలుపుకున్నాను. ఒక ముద్ద తిన్నాను. ఎంత రుచిగా ఉందో, ఇంకొకరు వండిన అన్నం.

"సెప్పను" అన్నాను.

ఆమె నవ్వింది, నేను వేళాకోళమాడుతున్నానని. కాసేపటికి నవ్వు ఆపేసింది. మళ్లీ అడగలేదు, ఇంకొంచెం కూర వేసింది. ఆ రాత్రి పిల్లలు అడిగారు, వాళ్లకీ చెప్పలేదు. తర్వాత ఊరి నుంచి ఎంతమందో వచ్చారు, వెళ్లారు, మా ఆయన వాళ్లకి ఎప్పటిలాగే అంతా చూపించాడు. ఆ ఒక్క చోటికి వచ్చేసరికి మాత్రం వాళ్లని ముందుకు పంపి, తను ఏమీ చెప్పకుండా పక్కన నిలబడేవాడట. ఆయనకి కూడా తెలీదు, నేనక్కడ అంతసేపు ఏం చూశానో. ఇంత రాశాను కాబట్టి మీరూ అడుగుతారని తెలుసు. మీకూ చెప్పను.